అయ్యగారిని లెక్క అడిగితే అవిధేయత అవుతుందా?

ఖాళీబెంచీ (ఆదివారం, రాత్రి 9:12)

అందరికీ వందనాలు. ఇవాళ ఆరాధనలో మా అయ్యగారు (సంఘ కాపరి) బైబిల్లోని హెబ్రీ 13:17 మీద మాట్లాడారు. నాయకులు "లెక్క ఒప్పచెప్పవలసినవారివలె" మన ఆత్మల్ని కాస్తున్నారు, కాబట్టి వాళ్ళకి లోబడి ఉండాలి అని. అంతవరకూ బాగానే ఉంది. చివర్లో ఒక మాట అన్నారు, "నేను లెక్క చెప్పేది దేవునికి, మనుషులకు కాదు" అని. సగం మంది ఆమేన్ అన్నారు. నా నోట్లోంచి మాత్రం రాలేదు.

ఆయన చెడ్డవారని కాదు. మా అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు రాత్రంతా బయట కుర్చీలో కూర్చున్నది ఆయనే. అందుకే ఈ మాట ఇంకా గుచ్చుకుంది. దీనమనస్సున్న కాపరి ఇలా అనొచ్చా? సంఘం లెక్క అడిగితే అవిధేయతేనా?

వాక్యమే_చాలు (9:20)

కీర్తన 105:15. అభిషేకించినవారిని ముట్టకూడదు. ఇక చర్చించడానికి ఏముంది?

పాతరశీదు (9:58)

చాలా ఉంది బ్రదర్. ఆ వచనం ముందున్న మూడు వచనాలు కూడా చదవండి. అక్కడ అభిషిక్తులంటే అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు. కొద్దిమందిగా ఉండి దేశదేశాలు తిరిగిన రోజుల సంగతి. రాజులు వాళ్ళకి హాని చేయకుండా దేవుడు ఆపాడని దాని అర్థం. ఆ రాజుల్లో ఒకడు అబీమెలెకు. ఆదికాండం 20 తీయండి. భార్య శారాను చెల్లెలని చెప్పింది అబ్రాహామే కదా? దేవుడు అబీమెలెకుని కలలో హెచ్చరించాడు. తెల్లారగానే అతను ఏం చేశాడు? అబ్రాహాముని పిలిపించి "నువ్వు మాకు చేసిందేమిటి?" అని ముఖం మీదే అడిగాడు. అడిగినందుకు దేవుడు అతన్ని ఒక్క మాట అనలేదు. ముట్టకూడదు అంటే అడగకూడదు అని కాదు.

మా సంఘంలో 11 ఏళ్ళు ట్రెజరర్‌గా చేశాను. అంతకుముందు బతుకంతా అకౌంట్స్ పనే. మందిరం కట్టేటప్పుడు ఒక పెద్ద ఖర్చుకి వోచర్లు కనిపించలేదు. అడిగాను. పది మందిలో కూడా కాదు, ఆయన గదిలో, తలుపేసి. తర్వాతి ఆదివారం ప్రసంగం మోషే మీద తిరగబడితే భూమి మింగేసిన కోరహు మీద. పేరు పెట్టలేదు. కానీ నా వైపే చూస్తూ "భూమి నోరు తెరుస్తుంది" అన్నారు. నెల తిరక్కుండా నా చేతిలో పుస్తకాలు వేరేవాళ్ళ చేతికి వెళ్ళాయి.

వాక్యమే_చాలు (10:03)

కోరహు సంగతి నిజమే కదా మరి. సంఖ్యా 16.

పాతరశీదు (10:15)

అదే 16వ అధ్యాయం, 15వ వచనం. మోషే అక్కడ ఏమంటాడు? "నేను వాళ్ళ దగ్గర ఒక్క గాడిదనైనా తీసుకోలేదు" అంటాడు. తిరుగుబాటు జరుగుతున్న ఆ గడియలో కూడా ఆ మనిషి నోట లెక్కే వచ్చింది. సమూయేలు కూడా అంతే, 1 సమూయేలు 12. ముసలివాడై బాధ్యత దిగిపోతూ జనం ముందు నిలబడి "నేనెవరి ఎద్దుని తీసుకున్నాను? ఎవరి గాడిదని పట్టుకున్నాను? చెప్పండి, తిరిగి ఇచ్చేస్తాను" అన్నాడు. దేవునికే చెప్పుకుంటాను పొమ్మనలేదు.

మార్త (10:31)

చదువుతున్నాను. పిల్లలు పడుకున్నాక రాస్తాను.

కాపరి_బిడ్డ (11:07)

పాతరశీదు గారూ, మీకు జరిగింది తప్పే. ప్రసంగ వేదిక మీంచి ఒక మనిషిని కొట్టడం పిరికితనం. కానీ మీ వాదన అంత దూరం వెళ్ళదు. 2 రాజులు 12:15 చూశారా? మందిరం పనివాళ్ళకి ఇమ్మని డబ్బు ఎవరి చేతికి ఇచ్చారో వాళ్ళని లెక్క అడగలేదు, ఎందుకంటే వాళ్ళు నమ్మకంగా పనిచేశారు, అని స్పష్టంగా ఉంది. అడగకపోవడమే అక్కడ వాళ్ళకి దక్కిన గౌరవం. నమ్మకమైన మనిషిని పదేపదే లెక్క అడుగుతుంటే అతని నమ్మకానికి విలువేముంది? 1 కొరింథీ 4లో పౌలు కూడా మీచేత తీర్పు పొందడం నాకు చాలా చిన్న సంగతి అంటాడు.

పాతరశీదు (11:40)

మంచి వచనం తెచ్చారు. కానీ 15కి ముందు 14 వచనాలున్నాయి.

ఆ అధ్యాయంలో అసలు కథ ఏమిటి? మందిరం బాగుచేయమని యోవాషు రాజు ఆ డబ్బంతా యాజకులకే అప్పగించాడు. 23వ ఏడు వచ్చేసరికి కూడా మరమ్మతు జరగలేదు. అప్పుడు రాజు పిలిచి ఎందుకు చేయలేదని అడిగాడు. యాజకుడు యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకి బెజ్జం వేసి బలిపీఠం పక్కన పెట్టాడు. అందులో డబ్బు నిండినప్పుడల్లా ప్రధాన యాజకుడూ రాజు లేఖకుడూ ఇద్దరూ వచ్చి లెక్కపెట్టి సంచుల్లో కట్టేవారు. ఒక్కరు కాదు, ఇద్దరు. అందులో ఒకరు మందిరం మనిషి కానే కాదు. ఆ ఏర్పాటంతా అయ్యాక, లెక్కపెట్టిన డబ్బు చేరింది వడ్రంగుల, తాపీ పనివాళ్ళ పైనున్నవాళ్ళకి. వాళ్ళని లెక్క అడగలేదు. లెక్కలో పెట్టింది యాజకుల్ని. మీరు వడ్రంగి సర్టిఫికెట్ తెచ్చి యాజకుడికి ఇస్తున్నారు.

ఖాళీబెంచీ (11:44)

వడ్రంగి సర్టిఫికెట్ 😀

కాపరి_బిడ్డ (సోమవారం, ఉదయం 6:50)

నవ్వుకోండి. నా ప్రశ్న అలాగే ఉంది. నమ్మకం అనేది ఒక చోట మొదలవ్వాలి కదా. వడ్రంగిని నమ్మినప్పుడు కాపరిని నమ్మకూడదా? ఆ లెక్కన కాపరిది వడ్రంగి కంటే తక్కువ బతుకా?

పాతరశీదు (7:35)

తక్కువని ఎవరన్నారు? ఎక్కువ కాబట్టే లెక్క. నిర్గమ 38 చివర చదవండి. ఎవరూ ఆగి చదవరు, నాకేమో అది ఇష్టమైన భాగం. దేవుని గుడారం పని పూర్తయ్యాక మోషే ఆజ్ఞ ప్రకారం యాజకుడు ఈతామారు చేతికింద లేవీయులు లెక్క రాశారు. బంగారం 29 మణుగుల 730 తులాలు. వెండి 100 మణుగుల 1,775 తులాలు. ఆ వెండి ఎక్కడిదో కూడా ఉంది. లెక్కకొచ్చిన మగవాళ్ళు 6,03,550 మంది, మనిషికి అర తులం. కాగితం తీసి వేసుకోండి. 3,01,775 తులాలు. మణుగుకి 3,000 తులాలు. నూరు మణుగులు పోగా మిగిలేది సరిగ్గా 1,775. ఆ మిగిలిన 1,775 ఏమైందో కూడా రాశారు. స్తంభాల వంకులకీ, అంటే కొక్కేలకీ, బోదెల రేకులకీ వాడారు. కొక్కేలకి ఎంత పట్టిందో బైబిల్లో ఉందండీ!

మోషే భూమి మీద అందరికంటే సాత్వికుడు అని సంఖ్యా 12లో ఉంది. కొక్కేల లెక్క రాయించిందీ ఆ సాత్వికుడే. దీనత్వం అంటే మెల్లగా మాట్లాడటమూ తలొంచుకు నడవడమూ కాదు, అడగక ముందే పుస్తకం తెరిచి పెట్టడం.

బెరయ (8:10)

ఈ మాటకి దగ్గరగా ఒకటి. 1948లో అమెరికా సువార్తికుడు బిల్లీ గ్రాహమ్, ఆయనతో తిరిగే ముగ్గురు నలుగురు కాలిఫోర్నియాలోని మొడెస్టోలో కూర్చుని, సువార్తికులు ఎక్కడెక్కడ జారిపడుతున్నారో ఒక పట్టిక వేసుకున్నారు. డబ్బు, పరాయి స్త్రీలతో ఒంటరిగా ఉండటం, స్థానిక సంఘాల్ని తిట్టడం, సభలకి వచ్చిన జనం సంఖ్య పెంచి చెప్పడం. ఈ నాలుగింటి మీదా కట్టుబాటు పెట్టుకున్నారు. అయినా 1950లో అట్లాంటా సభలయ్యాక ఒక పత్రిక ఆయన నవ్వుతున్న ఫొటో పక్కనే కానుకల సంచుల ఫొటో వేసింది. ఆ దెబ్బతో ఆయన ప్రేమ కానుకలు (సభల్లో సువార్తికుడి కోసం పట్టే చందా) తీసుకోవడం మానేసి సంస్థ నుంచి నెల జీతానికి మారారు. మంచి మనిషికైనా చుట్టూ కంచె కావాలి.

నాలుగోది, జనం సంఖ్య పెంచి చెప్పడం... దాని మీద వేరే చర్చ పెట్టాలి.

నిశ్శబ్దం (8:14)

పెట్టండి, దయచేసి.

మార్త (మధ్యాహ్నం 1:20)

రాత్రి నిద్రపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

మీరు డబ్బు దగ్గరే ఆగిపోయారు. నేను చూసింది చెబుతాను. సిలువ వారంలో మా దగ్గర కాళ్ళు కడిగే ఆరాధన పెట్టారు. పన్నెండు మందిని ఎంచారు. ముందురోజు మా స్త్రీల సమాజానికి కబురొచ్చింది. ఆ పన్నెండు మంది కాళ్ళు ముందే కొళాయి దగ్గర సబ్బుతో తోమి పంపమని. ఫొటోల్లో నీళ్ళు మురికిగా కనిపించకూడదట. మేం ఆరుగురం కూర్చుని తోమాం. ఒకాయన మడమలు పగిలి ఉంటే ఆయన్ని మార్చి ఇంకొకర్ని పెట్టారు. ఆయన చెప్పులేసుకుని వెనక్కి వెళ్ళడం నేను చూశాను. తర్వాత అయ్యగారు వేదిక మీద మోకరించి, మేం కడిగిన కాళ్ళనే మళ్ళీ కడిగారు. చాలామంది ఏడ్చారు.

ప్రభువు కడిగింది మట్టి కాళ్ళు. అందులో ఆయన్ని అప్పగించిన యూదావి కూడా ఉన్నాయి.

ఖాళీబెంచీ (1:26)

అక్కా, ఇది చదివి కాసేపు ఏం రాయలేకపోయాను.

వాక్యమే_చాలు (1:40)

సిస్టర్ గారూ, కొళాయి దగ్గర కడిగిందీ పరిచర్యే. గొణగకూడదు. ఫిలిప్పీ 2:14.

మార్త (1:43)

గొణగలేదు బ్రదర్. తోమాను.

కాపరి_బిడ్డ (రాత్రి 8:30)

మార్త అక్క చెప్పింది వేషం. దాన్ని ఎవరూ సమర్థించరు. కానీ పాతరశీదు గారి మీద నాకు ఇంకా ఉంది. మీరు బైబిల్ని ఆడిట్ రిపోర్టులా చదువుతున్నారు. కొక్కేలు, మణుగులు! కాపరి అంటే గొర్రెల కోసం రాత్రి మెలకువగా ఉండేవాడు. దానికి వోచర్ ఉంటుందా? ఆస్పత్రి బయట కుర్చీలో కూర్చున్న రాత్రిని ఏ పద్దులో రాస్తారు?

పాతరశీదు (8:52)

అది రాయక్కర్లేదు. అది చూపించి ఇంకోటి దాచకూడదు అంటున్నాను. 2 కొరింథీ 8లో పౌలు యెరూషలేము పరిశుద్ధుల కోసం చందా పంపుతూ తీతుతో పాటు ఇంకో సహోదరుణ్ణి పంపాడు. ఆ సహోదరుణ్ణి ఎంచింది పౌలు కాదు, సంఘాలు. కారణం కూడా చెప్పాడు. ఇంత డబ్బు విషయంలో మా మీద ఎవరూ తప్పు మోపకూడదని, ప్రభువు దృష్టిలోనే కాదు మనుషుల దృష్టిలో కూడా యోగ్యమైనది చేయాలని. మనుషుల దృష్టిలో కూడా. ఖాళీబెంచీ తమ్ముడి ప్రశ్నకి జవాబు ఆ ఒక్క మాటలో ఉంది. పౌలుకి లేని బిడియం మీ అయ్యగార్లకి ఎందుకు?

కాపరి_బిడ్డ (9:05)

"మీ అయ్యగార్లు" అంటే ఎవరండీ?

పాతరశీదు (9:11)

కాపరి కుటుంబం నుంచి వచ్చారని పేరులోనే ఉంది కదా. ఇంటి ఉప్పు తిన్నవాళ్ళు ఇంటిని కాస్తారు. అర్థం చేసుకోగలను.

కాపరి_బిడ్డ (9:48)

అర్థం చేసుకోలేదు మీరు. ఇక దాచేది లేదు, చెబుతాను.

మా నాన్న 19 ఏళ్ళు ఒకే సంఘంలో కాపరి. దాచిన పైసా లేదు. మీరు అడిగిందంతా ఆయన చేశారు. ప్రతి నెలా కమిటీ ముందు పుస్తకం పెట్టేవారు. మీ మాటలోనే చెప్పాలంటే, అడగక ముందే తెరిచి పెట్టేవారు. ఏం జరిగిందో చెప్పనా? కమిటీలో ఒక పెద్దమనిషి కళ్ళజోడు సర్దుకుని ఒక్కో చీటీ తీసి పైకి చదివేవాడు. మా అమ్మ మందుల చీటీ కూడా. ఆమెకి ఏ జబ్బో పదకొండు మంది మగవాళ్ళ ముందు చదివాడు. "ఇది సంఘం ఖర్చా, సొంత ఖర్చా అయ్యగారూ?" అని. ఎవరో నవ్వారు. నాన్న "సొంతమేనండీ, పొరపాటున కలిసింది" అని చీటీ వెనక్కి తీసుకున్నారు. నేను గుమ్మం దగ్గర నీళ్ళ గ్లాసులు పట్టుకుని ఉన్నాను. పదమూడేళ్ళు నాకు.

తర్వాత ఆ పెద్దమనిషి కొడుకు పెళ్ళి విషయంలో నాన్న వాక్యానికి విరుద్ధమైనది చేయనన్నారు. నెలలోపే ఇల్లు ఖాళీ చేయమన్నారు. కారణం ఏం రాశారో తెలుసా? "కాపరిలో దీనత్వం లోపించింది."

కాబట్టి దీనత్వం, జవాబుదారీ అని ఎవరైనా అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ కళ్ళజోడు. దియొత్రెఫే సంగతి 3 యోహానులో ఉంది. సంఘంలో ప్రధానత్వం కోరుకున్నవాడు. అతను కాపరి అని ఎక్కడా లేదు. కమిటీ మనిషి కూడా అయి ఉండొచ్చు. ట్రెజరర్ కూడా అయి ఉండొచ్చు.

మోడరేటర్ (9:55)

ఇద్దరూ కాస్త నెమ్మది. సంఘాల పేర్లు, మనుషుల పేర్లు రాయలేదు, మంచిది. ఒకరి ఉద్దేశాల మీద ఒకరు రాయకండి. ఉప్పు మాట అనవసరం.

పాతరశీదు (10:20)

ఉప్పు మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీ అమ్మగారి చీటీ చదవడం దుర్మార్గం. కానీ ఒక చెడ్డ కమిటీని చూపించి లెక్కలే వద్దంటే ఎలా? కత్తితో ఒకడు పొడిచాడని వంటింట్లో కత్తి పారేస్తామా?

కాపరి_బిడ్డ (10:34)

పారేయమనలేదు. కత్తి ఎవరి చేతిలో ఉందో చూడమంటున్నాను. మీరు మొదట్నుంచీ ఒక్కటే అడుగుతున్నారు, కాపరి ఎవరికి జవాబు చెబుతాడు అని. నేను రెండోది అడుగుతున్నాను. అడిగేవాళ్ళు ఎవరికి జవాబు చెబుతారు? ప్రభువులైనట్టుండకండి అని పేతురు చెప్పింది పెద్దలందరికీ. పుస్తకాలు చేతిలో ఉన్న పెద్దలకి కూడా.

బెరయ (10:50)

ఇప్పటికి అసలు సంగతి బయటపడింది. రెండు రోజులుగా మీరిద్దరూ వడ్రంగుల మీద కొట్టుకున్నారు కానీ, మీకు తగిలిన దెబ్బలు రెండు వేరు చోట్ల తగిలాయి.

ఒక పాత పద్ధతి చెబుతాను. ఆరో శతాబ్దంలో బెనెడిక్ట్ అనే సన్యాసి తన మఠానికి రాసిన నియమాల్లో మూడో అధ్యాయం. ముఖ్యమైన విషయం వస్తే మఠాధిపతి అందర్నీ పిలవాలి, అందరి మాటా వినాలి. చిన్నవాళ్ళని కూడా ఎందుకంటే, మేలైనదాన్ని ప్రభువు చాలాసార్లు చిన్నవాడికే తెలియజేస్తాడు అని. విన్నాక నిర్ణయం మాత్రం మఠాధిపతిదే. చెప్పేవాళ్ళు మొండిగా వాదించకూడదు, ఆయన ఇష్టారాజ్యంగా చేయకూడదు. రెండు వైపులా కట్టేశాడు.

పాతరశీదు (10:58)

నిర్ణయం ఆయనదే అయితే విన్నా ఒకటే, వినకపోయినా ఒకటే.

కాపరి_బిడ్డ (11:01)

ఆ మఠాధిపతికి ఇల్లు ఖాళీ చేయమనే కమిటీ లేదు. ఆయనకి వినడం సులభం.

బెరయ (11:02)

ఒక్క విషయంలోనైనా మీ ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదిరింది, నన్ను కాదనడంలో. సంతోషం.

కాపరి_బిడ్డ (11:30)

పాతరశీదు గారూ, ఒక్కటి అడుగుతాను. కోపంతో కాదు. మీరు ట్రెజరర్‌గా ఉన్న 11 ఏళ్ళు అయ్యగారి జీతం నెలలో ఎన్నో తారీఖున ఇచ్చేవారు? కూలివాడి కూలి మర్నాటిదాకా నీ దగ్గర ఉంచుకోకూడదని లేవీ 19:13లో ఉంది. కొక్కేల లెక్క గుర్తున్న మీకు ఇదీ గుర్తుండాలి.

వాక్యమే_చాలు (11:33)

1 తిమోతి 5:17 కూడా. రెట్టింపు సన్మానం.

ఖాళీబెంచీ (మంగళవారం, ఉదయం 9:05)

పాతరశీదు గారు రాత్రి నుంచి రాలేదు. బాధపడ్డారేమో.

పాతరశీదు (రాత్రి 8:47)

బాధేం లేదు తమ్ముడూ. పాత డైరీలు తీసి చూశాను. గుర్తున్నది ఒకటి, రాసి ఉన్నది ఇంకోటి కాకూడదని.

ఒకటో తారీఖున ఇవ్వాలని తీర్మానం ఉంది. కానుకలు వచ్చేదాన్ని బట్టి ఇచ్చేవాళ్ళం. మొదటి రెండేళ్ళు ఐదో తారీఖు లోపు. తర్వాత పది, పన్నెండు. మందిరం కట్టిన ఏడాది నాలుగు నెలలు 20 దాటింది. సిమెంటు వాళ్ళకి మాత్రం ఆలస్యం చేయలేదు, సరుకు ఆపేస్తారని. అయ్యగారు పని ఆపరు కదా. కమిటీలో ఆ మాట అన్నది నేనే. మినిట్స్‌లో లేదు, నా డైరీలో ఉంది.

ఆయన ఎప్పుడూ నన్ను అడగలేదు. 15 దాటితే వాళ్ళ అబ్బాయిని పంపేవారు. అబ్బాయి జీతం మాట ఎత్తేవాడు కాదు. "నాన్నగారు మీరు బాగున్నారో లేదో కనుక్కుని రమ్మన్నారు" అనేవాడు. అదేమిటో నాకు తెలుసు. తెలిసే "బాగున్నానని చెప్పు" అని పంపేసిన రోజులున్నాయి.

ఆ వోచర్లు మాత్రం చూపించాల్సిందే అని ఇప్పటికీ అంటాను. ఆ మాట మార్చను.

కాపరి_బిడ్డ (9:30)

మార్చొద్దు. వోచర్లు చూపించాల్సిందే.

మా ఇంట్లో ఆ మాట "నాన్నగారు ప్రార్థన చేయమన్నదేమైనా ఉందా అని అడిగి రమ్మన్నారు" అని ఉండేది. నన్నే పంపేవారు. గేటు తీసేవారు కాదు, లోపల్నుంచే ఏమీ లేదనేవారు.

మార్త (9:41)

🙏

వాక్యమే_చాలు (9:52)

ఇంతకీ 2 రాజులు 12:15 సంగతి ఏం తేల్చారు?

ఖాళీబెంచీ (9:58)

బ్రదర్, దాన్ని ఇవాళ్టికి వదిలేద్దాం. నేను ఆదివారం అయ్యగార్ని కలుస్తున్నాను. లెక్కల పుస్తకం సంగతి అడుగుతాను. దానికంటే ముందు ఆయనకి ఈ నెల జీతం అందిందో లేదో మా ట్రెజరర్‌ని అడగాలి. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు నేను.